మానేరు ఒడ్డున ఉప్పునీటి తొట్టి

కరీంనగర్ నుంచి ఎటు కొలిచినా సముద్రం 300 కిలోమీటర్ల పైమాటే. ఆదిలాబాద్‌కు ఇంకా దూరం. అలాగని ఈ ప్రాంతానికి చేపలు కొత్తేమీ కాదు. మానేరు మీద, కడెం మీద, గోదావరి మీద వల వేసి బతికే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. కొర్రమీనునూ బొచ్చెనూ దూరం నుంచి చూసి చెప్పగలిగినవాళ్లు ప్రతి వాడలో దొరుకుతారు. ఇళ్లలో గోల్డ్‌ఫిష్, గప్పీ చేపలు పెంచే అలవాటు కూడా పాతదే. ఆ అలవాటు ముదిరినవాళ్లలో కొందరికి ఇప్పుడు ఉప్పునీటి చేపల మీదికి మనసు పోతోంది. నారింజ రంగు మీద తెల్ల చారలున్న క్లౌన్ చేప, నీలంగా మెరిసే డామ్సెల్, ఇసుకలో బొరియ చేసుకునే గోబీ ఇంట్లో ఉంటే బాగుండునని వారి కోరిక.

ఆ కోరిక తీరనిదేమీ కాదు. అయితే ఇక్కడ చేపను పెంచడం రెండో పని. నీటిని పెంచడం మొదటి పని. పగడపు దీవుల దగ్గర సముద్రపు నీరు ఏడాది పొడవునా కొద్ది డిగ్రీల తేడాతోనే ఉంటుంది. ఉప్పు శాతం దాదాపు మారదు. ఆదిలాబాద్ సంగతి వేరు. మే నెలలో ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది, డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి పది డిగ్రీల కిందికి దిగుతుంది. రామగుండం ఎండల గురించి చెప్పనక్కరలేదు. దీనికి తోడు గ్రానైటు రాళ్ల మధ్య నుంచి వచ్చే గట్టి బోరు నీళ్లు, గాలివాన రాగానే పోయే కరెంటు. ఈ మూడింటినీ తట్టుకోవలసింది పైన అందంగా కనిపించే అద్దాల తొట్టి కాదు. దాని కింద బీరువాలో దాగి ఉండే ఇంకో తొట్టి. దాన్నే సంప్ అంటారు. ఇంటి ముందు నల్లా నీళ్లు పట్టుకునే సంపుకూ దీనికీ పేరు ఒకటే, పని మాత్రం వేరు.

కింద ఒక పెద్ద తొట్టి పెట్టి, పై తొట్టి నీటిని అందులోకి దింపి, మళ్లీ పైకి ఎక్కించే ఆలోచన నిన్న మొన్నటిది కాదు. ఇంగ్లండులో విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ అనే ఆయన 19వ శతాబ్దంలో దీనికోసమే బతికాడు. 1864లో హాంబర్గ్ జంతుప్రదర్శనశాలలో, 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో ఆయన ఆధ్వర్యంలో సముద్ర జీవుల ప్రదర్శనశాలలు నడిచాయి. జనం చూసే తొట్ల కింద, వాటికన్నా ఎన్నో రెట్లు పెద్దదైన చీకటి జలాశయం కట్టించడం ఆయన పద్ధతి. నీరు రాత్రింబవళ్లు పైకి కిందికి తిరుగుతూనే ఉండాలి. కింద నీరు ఎక్కువగా ఉంటే పైన ఒక చేప చచ్చినా, ఎండ కాసినా దాని దెబ్బ పలచబడుతుంది. క్రిస్టల్ ప్యాలెస్ కూడా సముద్రపు ఒడ్డున లేదు. కరీంనగర్ లాగే అదీ లోపలి ఊరే, అక్కడికీ ఉప్పునీటిని తేవలసిందే, తెచ్చినదాన్ని కాపాడుకోవలసిందే. ఆ తర్వాత వందేళ్లకు పైగా గడిచాక, 1986లో జార్జ్ స్మిట్ అనే డచ్ అభిమాని అమెరికన్ పత్రికలో రాసిన వ్యాసాలు తొట్టి కింద ఫిల్టరు పెట్టే పద్ధతిని మామూలు ఇళ్లలోకి తెచ్చాయి. ఈనాటి సంప్ ఆ వరసలోదే.

మన దేశంలోనూ ఉప్పునీటి తొట్ల చరిత్ర పెద్దదే. మద్రాసు మెరీనాలో 1909లోనే సముద్ర జీవుల ప్రదర్శనశాల తెరిచారు. బొంబాయిలో తారాపోర్‌వాలా అక్వేరియాన్ని 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. విశాఖ బీచ్ రోడ్డులో మత్స్యదర్శిని ఉంది. ఇవన్నీ సముద్రాన్ని ఆనుకుని కట్టినవే. ఉత్తర తెలంగాణలో ఉప్పునీటి తొట్టి పెట్టేవారికి ఆ సౌకర్యం లేదు కనుక, వారికి లాయిడ్ పాఠమే దగ్గరిది.

ఇక పనిలోకి దిగుదాం. కొత్తవారు చిన్న తొట్టితో మొదలుపెడితే సులువనుకుంటారు. ఉప్పునీటి విషయంలో ఇది తలకిందులు. నీరు తక్కువైతే వేడి తొందరగా ఎక్కుతుంది, ఉప్పు తొందరగా చిక్కబడుతుంది, విషం తొందరగా పెరుగుతుంది. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టి మంచి మొదలు. లెక్కకు తొమ్మిది ఘనపుటడుగులు, అంటే సుమారు 255 లీటర్లు. దాని కింద మూడడుగుల పొడవు, అడుగుంపావు వెడల్పు, అడుగుంపావు ఎత్తు సంప్. దాని లెక్క 133 లీటర్లు. సంప్‌ను నిండా నింపరు, 80 లీటర్ల దాకానే. మొత్తం మీద రాళ్లు ఆక్రమించిన చోటు పోగా 300 లీటర్ల నీరు తిరుగుతుంది.

నీటి బరువు, అద్దాల బరువు, రాళ్ల బరువు కలిపితే 400 కిలోలు దాటుతుంది. కొలిచి చూడని టేబుళ్ల మీద, ప్లైవుడ్ షోకేసుల మీద దీన్ని పెట్టకూడదు. ఇనుప యాంగిల్ స్టాండు బరువు మోస్తుంది గానీ ఉప్పు తుంపర్లకు రెండేళ్లలో తుప్పు పట్టడం మొదలవుతుంది, మంచి పెయింటు వేసినా కన్నేసి ఉంచాలి. కరీంనగర్ వాళ్లకు ఇందులో ఒక అదృష్టముంది. విదేశాలకు ఎగుమతయ్యే గ్రానైటు ఈ జిల్లాలోనే తవ్వుతున్నారు. ఇటుకతో మూడు చిన్న గోడలు కట్టి, పైన మందపాటి గ్రానైటు పలక పరిచి, దాని మీద థర్మోకోల్ షీటు వేసి తొట్టి పెడితే తుప్పు బెడద ఉండదు. మధ్య గోడ మాత్రం మానకూడదు. గ్రానైటు గట్టిదే గానీ మధ్యలో ఆసరా లేకపోతే పుటుక్కున విరుగుతుంది. మధ్య గోడ కట్టేటప్పుడే సంప్ పొడవు కొలుచుకోవాలి. మూడడుగుల సంప్ ఆ గోడకు ఒక పక్కన పట్టదు కనుక, సంప్ వెడల్పుకు చోటు వదిలి మధ్య గోడను వెనక వైపే కట్టి ముందు నుంచి సంప్ దూర్చాలి. కట్టిన తర్వాత కొలతలు గుర్తొస్తే గోడ పగలగొట్టడమే మిగులుతుంది.

నేల అంతస్తే మేలు. పై అంతస్తు స్లాబు బరువు సంగతి అటుంచితే, ఎండాకాలంలో అది సాయంత్రం దాకా సెగ చిమ్ముతూనే ఉంటుంది. పడమటి గోడకు ఆనించి తొట్టి పెట్టడమంటే రోజూ మధ్యాహ్నం దాన్ని పొయ్యి పక్కన పెట్టడమే.

అద్దాల పనివాడితో ముందే మాట్లాడుకోవలసిన సంగతి ఒకటుంది. నీరు కిందికి దిగడానికి తొట్టి వెనక అద్దానికి రంధ్రాలు కావాలి. టఫెన్డ్ అద్దానికి రంధ్రం పడదు, డ్రిల్లు తగలగానే ముక్కలు ముక్కలవుతుంది. మామూలు అద్దమే తీసుకుని, డైమండ్ బిట్‌తో, నీళ్లు పోస్తూ, తొట్టి అతికించక ముందే రంధ్రాలు వేయించాలి. రంధ్రాల్లో బిగించేవి సింటెక్స్ ట్యాంకుకు వాడే ట్యాంక్ నిపుల్ లాంటివే. లోపల ఇత్తడి భాగాలున్నవి మాత్రం వద్దు. ఇత్తడిలోని రాగి ఉప్పునీటిలో కరిగితే రొయ్యలు, నత్తలు బతకవు. పైపులన్నీ పీవీసీ. రంధ్రాల ముందు, తొట్టి లోపల, పళ్లున్న చిన్న అద్దపు పెట్టె అతికిస్తారు. తొట్టి పై పొర నీరు ఆ పళ్ల మీదుగా పెట్టెలోకి జారి, పైపులోంచి సంప్‌లో పడుతుంది. కిందికి దిగే పైపులు రెండుండాలి. ఒకటి నత్త అడ్డుపడో, నాచు చుట్టుకునో మూసుకుపోతే రెండోది ఆదుకుంటుంది. ఈ రెండో పైపు దగ్గర పొదుపు చేయడం ఎవరికీ మంచిది కాదు.

సంప్ లోపల ఏముంటుంది? పాత గాజు తొట్టి ఒకటి తీసుకుని అద్దపు పలకలతో గదులు చేయిస్తే చాలు. సిలికాన్ మాత్రం ఫంగస్ మందు కలపనిది కావాలి. స్నానాల గదులకు వాడే రకం చేపలకు విషం. మొదటి గదిలో పై నుంచి దిగే పైపు, దాని మూతికి వేలాడే వడపోత సంచి. మేత తునకలు, రెట్ట అందులో చిక్కుకుంటాయి. మూడు నాలుగు రోజులకోసారి సంచి తీసి ఉతకకపోతే చిక్కిందంతా అక్కడే కుళ్లుతుంది. రెండో గది ప్రొటీన్ స్కిమ్మర్‌ది. నీటిలోకి సన్నని బుడగలను గుమ్మరించే గొట్టమిది. చేపల వ్యర్థాల్లో జిడ్డుగా ఉండే పదార్థాలు బుడగల మీద అంటుకుని పైకి తేలి, నురగై, పైనున్న గిన్నెలోకి పొర్లుతాయి. వారం తర్వాత ఆ గిన్నె విప్పితే టీ డికాషన్ రంగు నీళ్లు, అంచున నల్లటి జిగురు, ముక్కు మూసుకోవలసిన కంపు. నీటిలోనే కుళ్లి అమ్మోనియా కావలసిన సరుకు అలా బయటికి వచ్చేసింది. మంచినీటిలో బుడగలు పెద్దవై కలిసిపోతాయి కనుక ఈ గొట్టం అక్కడ సరిగా పని చేయదు. ఉప్పునీటిలో బుడగ చిన్నదిగానే ఉండిపోతుంది. స్కిమ్మర్ గదిలో నీటి మట్టం మారకూడదు. మట్టం అరంగుళం పెరిగితే గిన్నె పొర్లుతుంది, తగ్గితే నురగ గిన్నె దాకా రాదు. అందుకే ఆ గది చివర పలకను స్కిమ్మర్ తయారీదారు చెప్పిన ఎత్తుకే అతికించాలి.

తర్వాత మూడు పలకల సందు. నీరు మొదటి పలక మీంచి, రెండోదాని కింది నుంచి, మూడోదాని మీంచి పోతుంది. ఈ వంకర దారిలో బుడగలన్నీ పైకి తేలిపోతాయి. చివరి గదిలో నీటిని పైకి ఎక్కించే మోటరు. గంటకు తొట్టి నీటికి నాలుగు రెట్లు తిరిగితే సరిపోతుంది. అంటే వెయ్యి లీటర్ల చిల్లర. కాని డబ్బా మీద రాసిన అంకె నేల మట్టం మీద కొలిచింది. నాలుగడుగులు ఎక్కించేసరికి, ఎల్బోలు తిరిగేసరికి అందులో చాలా పోతుంది. గంటకు 2000 లీటర్ల మోటరు తీసుకోవాలి. కరెంటు తక్కువ తాగే డీసీ మోటరైతే ఇంకా మంచిది. నీటిలో మునిగి తిరిగే మోటరు తిన్న కరెంటంతా చివరికి వేడై ఆ నీటిలోకే చేరుతుంది.

ఇప్పుడు కరెంటు పోయింది. ఏం జరుగుతుంది?

మోటరు ఆగగానే పై తొట్టి నీరు పళ్ల అంచు దాకా జారుతుంది. అక్కడితో ఆగదు. నీటిని పైకి పంపే పైపు మూతి తొట్టిలో మునిగి ఉంటుంది గదా, ఆ పైపే ఇప్పుడు సైఫన్ అయి నీటిని వెనక్కి లాగుతుంది, మూతి బయటపడి గాలి దూరేదాకా. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు తొట్టిలో ఒక్క అంగుళం నీరంటే 14 లీటర్లు. మూతి నాలుగంగుళాల లోతున ఉంటే 56 లీటర్లు కిందికొస్తాయి. సంప్‌లో ఖాళీ 53 లీటర్లే. పైపుల్లోని నీరు కూడా కలిసి ఉప్పునీళ్లు హాల్లోకి పారతాయి. అదే మూతిని అంగుళం లోతున పెట్టి, దానికి కొంచెం పైన, నీటి మట్టానికి కాస్త కింద, పైపుకు చిన్న రంధ్రం వేస్తే ఇరవై లీటర్లకు మించి దిగదు. చెక్ వాల్వ్ బిగిస్తే చాలని దుకాణంలో చెబుతారు. దాని రబ్బరు మూత మీద ఒక్క ఉప్పు పలుకు కూర్చుంటే అది మూసుకోదు. రంధ్రాన్ని, లెక్కను నమ్మాలి. రంధ్రంలో నాచు పేరుకోకుండా వారానికోసారి పుల్లతో పొడవాలి.

దీనికి ఎదురు లెక్క కూడా ఉంది. కిందికి దిగే పైపులు మూసుకుపోయి మోటరు మాత్రం తిరుగుతుంటే, చివరి గదిలో ఉన్న నీరంతా పైకి పోతుంది. ఆ గది 15 లీటర్లదే అయితే పై తొట్టి అంగుళానికి కాస్త ఎక్కువ పెరుగుతుంది, అంతే. పైన రెండంగుళాల అంచు ఖాళీగా వదిలితే నేల తడవదు. కాబట్టి మోటరు గది చిన్నదిగా ఉండటమే క్షేమం. తొట్టిలో చేప పడక ముందే, మామూలు నీళ్లు నింపి, మోటరు స్విచ్చి పదిసార్లు వేసి తీసి చూడాలి. మట్టం ఎక్కడ ఆగిందో సంప్ అద్దం మీద మార్కర్‌తో గీత గీసి ఉంచాలి. ఇకమీద ఎన్నడూ ఆ గీత దాటి నీరు పోయకూడదు.

నీరు తిరిగే దారి కుదిరింది సరే, ఏ నీరు? గ్రానైటు నేలల బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. కొన్ని ఊళ్లలో ఎరువుల నుంచి దిగిన నైట్రేట్లు, ఫ్లోరైడు కూడా ఉంటాయి. నల్లా నీటిలో క్లోరిన్. వీటితో ఉప్పునీరు కలిపితే వారం తిరక్కుండానే అద్దాల మీద గోధుమరంగు పొర, తర్వాత నాచు. మెంబ్రేన్ దాటిన ఆర్వో నీరే వాడాలి. ఇంట్లో తాగే నీటి ఆర్వో యంత్రం ఉంటే సగం పని అయినట్టే, కాని అందులో రుచి కోసం ఖనిజాలు కలిపే గొట్టం, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) పెంచే మర ఉంటాయి. మెంబ్రేన్ దాటగానే నీటిని పక్కకు మళ్లించుకుని, మిగిలిన లవణాలను పట్టే డీఐ రెసిన్ నింపిన ఇంకో గొట్టంలోంచి పంపితే టీడీఎస్ మీటరు సున్నా చూపిస్తుంది. ఇరవై లీటర్ల క్యాన్ తెప్పించుకునేవాళ్లు మీటరు పెట్టి చూడకుండా ఆ నీటిని తొట్టిలో పోయకూడదు. తాగడానికి పనికొచ్చినంత మాత్రాన పగడపు చేపకు పనికొచ్చినట్టు కాదు. ఆర్వో వదిలేసే వృథా నీటిని ఇల్లు తుడవడానికి, బట్టల మొదటి జాడింపుకు వాడుకోవచ్చు.

ఉప్పు దగ్గర చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. శ్రీకాకుళం జిల్లా నౌపడాలో, బాపట్ల తీరంలో చినగంజాం దగ్గర సముద్రపు నీటినే ఎండబెట్టి ఉప్పు తీస్తున్నారు గదా, ఆ గల్లుప్పును తిరిగి నీటిలో కలిపితే సముద్రం కాదా? కాదు. మడిలో నీరు ఇగిరేటప్పుడు అన్నీ ఒక్కసారి గడ్డకట్టవు. ముందు కాల్షియం కార్బొనేటు, తర్వాత జిప్సం అడుగున కూర్చుంటాయి. ఆ తర్వాతి మడిలో ఉప్పు గింజ కడుతుంది. మెగ్నీషియం, పొటాషియం చివరి దాకా చేదునీటిలోనే మిగిలిపోతాయి, ఆ నీటిని పారబోస్తారు. చేతికి వచ్చింది సోడియం క్లోరైడు, దాదాపు అదొక్కటే. వంటింటి ఉప్పులో పైగా అయొడిన్, గడ్డకట్టకుండా కలిపే పొడి.

ఉప్పులన్నీ తగిన పాళ్లలో కలిపిన అక్వేరియం సాల్ట్ దుకాణాల్లో సంచుల్లో దొరుకుతుంది. ఎక్కడో తయారైన సంచి హిందూ మహాసముద్రపు చేపకు ఎలా సరిపోతుందంటే, దానికి చాలెంజర్ ఓడ సమాధానం చెప్పింది. 1872 నుంచి 1876 దాకా ఆ ఓడ ప్రపంచమంతా తిరిగి తెచ్చిన నీళ్లలో 77 నమూనాలను విలియం డిట్‌మార్ అనే రసాయన శాస్త్రవేత్త పరీక్షించి, 1884లో ఫలితాలు ప్రచురించాడు. ఏ సముద్రమైనా మొత్తం ఉప్పు కాస్త ఎక్కువ తక్కువలు ఉండొచ్చు గాని, అందులోని ప్రధాన లవణాల పాళ్లు మాత్రం ఒక్కటేనని తేలింది. ఆదిలాబాద్‌లో కూర్చుని సముద్రం కలపగలగడానికి ఆధారం ఆ ఫలితమే.

లీటరుకు 35 గ్రాముల ఉప్పుండటం సముద్రం కొలత. సంచిలో తేమ కూడా ఉంటుంది కనుక 300 లీటర్లకు 11, 12 కిలోలు పడుతుంది. తినుబండారాలకు వాడే రకం ప్లాస్టిక్ డ్రమ్ములో ముందు నీళ్లు పోసి, చిన్న మోటరు తిప్పుతూ, ఉప్పును కొద్దికొద్దిగా వేయాలి. ఉప్పు మీద నీళ్లు పోస్తే కాల్షియం సున్నంలా తెల్లగా దిగిపోతుంది, ఆ ఉప్పు ఇక పాళ్లు తప్పినట్టే. ఒక రోజంతా తిరిగాక రిఫ్రాక్టోమీటరుతో చూస్తే సాంద్రత 1.025, 1.026 దగ్గర ఉండాలి. ముల్లు ఊగే చవక హైడ్రోమీటరు ముల్లుకు ఒక బుడగ అంటుకున్నా లెక్క తప్పుతుంది. రిఫ్రాక్టోమీటరును కూడా 35 గ్రాముల ప్రామాణిక ద్రావణంతో సరి చూసుకోవాలి.

ఎండాకాలం సంగతికి వస్తే, ఇక్కడ సంప్ చేసే మేలు ఇంతా అంతా కాదు. వేడెక్కినకొద్దీ నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, ఉప్పునీటిలో అసలే తక్కువ. 25 డిగ్రీల మంచినీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాముల పైచిలుకు కరిగితే, అదే వేడిలో సముద్రపు నీటిలో 7కు లోపే. చేప ఆకలి, ఊపిరి మాత్రం వేడితో పాటు పెరుగుతాయి. చిల్లర్ కొంటే నిశ్చింతే, కాని ఖరీదు, కరెంటు రెండూ ఎక్కువ. చేపలు మాత్రమే ఉన్న తొట్టికి సంప్ మీద రెండు చిన్న ఫ్యాన్లు పెట్టి 27, 28 డిగ్రీల దగ్గర నిలపడం ఈ ప్రాంతంలో సాధ్యమే. కారణం ప్రతి ఇంట్లో ఉన్న కూలర్‌లో ఉంది. మే నెల పొడి గాలిలో కూలర్ గదిని చల్లబరుస్తుంది, వానలు పడి గాలిలో తేమ చేరగానే అది ఉత్త ఫ్యాను అయిపోతుంది. తొట్టి ఫ్యాన్లూ అంతే. ఒక లీటరు నీరు ఆవిరైతే తనతో తీసుకుపోయే వేడి 300 లీటర్లను దాదాపు రెండు డిగ్రీలు చల్లార్చగలదు. రోజుకు ఐదు లీటర్లు ఆవిరైతే 140 వాట్ల వేడిని రాత్రింబవళ్లు బయటికి ఎత్తిపోసినట్టు. అసలు కష్టం ఏప్రిల్, మే నెలల్లో కాదు, జూన్ చివర ఉక్కపోతలో. ఆ రెండు మూడు వారాలు గది ఏసీ గాని, లైట్ల వేళలు తగ్గించడం గాని తప్పదు.

ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. తగ్గిన మేరకు ఉప్పు కలపని ఆర్వో నీరే పోయాలి. కొత్తవాళ్లు పొరపాటున ఉప్పునీరు పోస్తూ పోయి, నెల తిరిగేసరికి తొట్టిని చేపలు తట్టుకోలేనంత ఉప్పన చేస్తారు. తగ్గుదల కనిపించేది మోటరు గదిలోనే, ఎందుకంటే మిగతా గదుల మట్టం పలకలు నిలబెడతాయి. పదిహేను లీటర్ల గదిలో ఐదు లీటర్లు పోతే ఒక్క రోజులో మూడో వంతు ఖాళీ. కూలర్‌కు వాడే ఫ్లోట్ వాల్వ్ పూర్తిగా ప్లాస్టిక్‌దైతే, ఎత్తున పెట్టిన ఆర్వో నీటి క్యాన్‌కు తగిలించి ఈ పని దానికి అప్పగించవచ్చు. క్యాన్ మాత్రం చిన్నదే పెట్టాలి. ఫ్లోట్ ఇరుక్కుపోయినా ఆ పది లీటర్లకు మించి తొట్టిలోకి రావు.

చలికాలానికి హీటర్లు. 300 వాట్లది ఒకటి కాకుండా 150 వాట్లవి రెండు సంప్‌లో పెట్టడం తెలివైన పని. ఒకటి ఆగిపోయినా తొట్టి ఒక్కసారిగా చల్లబడదు, ఒకటి ఆగకుండా వేడెక్కినా చేపలు ఉడికిపోవు. ఉప్పునీళ్లు, కరెంటు పక్కపక్కన ఉన్న చోట ఎర్తింగ్, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్చి తప్పనిసరి. ప్రతి వైరూ ప్లగ్గుకు కిందుగా ఒకసారి వంగి పైకి పోవాలి, అప్పుడు వైరు మీద జారిన చుక్క ప్లగ్గులోకి పోకుండా నేల మీద పడుతుంది. కరెంటు పోయిన వేళ ఇన్వర్టర్ మీద మోటరు ఒక్కటి నడిస్తే చాలు, హీటరు అక్కరలేదు. ఇన్వర్టర్ లేని ఇంట్లో బ్యాటరీ మీద నడిచే గాలి పంపు ప్రాణం నిలుపుతుంది.

తొట్టిలో వేసే రాళ్లు అలంకారం కోసం మాత్రమే కాదు. వాటి సన్న రంధ్రాల్లోనే చేపల వ్యర్థాన్ని అరిగించే బ్యాక్టీరియా కాపురముంటుంది. ఆదిలాబాద్ పెన్‌గంగ లోయలోని సున్నపురాయి సుమారు వంద కోట్ల ఏళ్ల కింద సముద్రపు అడుగున పేరుకున్నదే, అంటే ఈ నేల ఒకప్పుడు నిజంగానే సముద్ర గర్భం. అయినా ఆ రాయి తొట్టికి పనికిరాదు. రంధ్రాలు లేని గట్టి రాయి అది, లోహాలు కూడా కలిసి ఉండొచ్చు. మానేరు ఇసుకా వద్దు. దుకాణంలో దొరికే రంధ్రాల డ్రై రాక్, అరగొనైట్ ఇసుక తెచ్చుకోవాలి.

పగడాల విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. 2001 జులైలో కేంద్ర ప్రభుత్వం దిబ్బలు కట్టే పగడాలన్నింటినీ, సీ ఫ్యాన్లనూ, సముద్రపు గుర్రాలనూ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, పులి ఉన్న షెడ్యూలులోనే, చేర్చింది. అండమాన్ నుంచో మన్నార్ సింధుశాఖ నుంచో తెచ్చామని ఎవరైనా సజీవ పగడం, దిబ్బ నుంచి విరిచిన లైవ్ రాక్ అమ్మజూపితే కొనడం నేరం. అది నేరం కాకపోయినా చేయకూడని పనే. నెమ్మదిగా పెరిగే పగడం ముక్క ఒకటి తెలియని చేతిలో వారంలో తెల్లబడి పోతుంది. మొదటి ఏడాది చేపలు, రొయ్యలు, నత్తలతోనే సరిపెట్టుకోవాలి.

రాళ్లు వేసి, నీరు తిప్పి, చిటికెడు చేప మేతో, కొన్ని చుక్కల అమ్మోనియానో వేసి ఆగాలి. ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైటుగా, ఇంకో రకం దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మంచినీటి చేపలు పెంచినవాళ్లు ఈ ఆగడాన్ని తేలిగ్గా తీసుకుంటారు, అక్కడ నడిచిపోయింది కనుక. పీహెచ్ 7 ఉన్న నీటిలో అమ్మోనియాలో విషరూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. సముద్రపు పీహెచ్ 8.2 దగ్గర అది ఏడెనిమిది వంతులు. గోల్డ్‌ఫిష్ ఓర్చుకున్న మురికి క్లౌన్ చేప ఓర్చుకోలేదు. పైగా మంచినీటి చేప నీరు తాగదు, ఒంట్లోకి చొరబడే నీటిని మూత్రంగా తోడేస్తూ ఉంటుంది. సముద్రపు చేప ఒంట్లో నీరు బయటికి పోతూ ఉంటుంది కాబట్టి ఎప్పుడూ తాగుతూనే ఉంటుంది. తొట్టి నీటిలో ఏముంటే అది దాని కడుపులోకీ పోతుంది.

మొదటి చేపగా క్లౌన్ చేప జత కన్నా మంచిది లేదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వీటిని హేచరీలో పుట్టించి పెంచే పద్ధతులు రూపొందించింది. తొట్టిలో పుట్టిన చేప తొట్టి మేత తింటుంది, తొట్టి గోడలకు అలవాటు పడి ఉంటుంది, దానికోసం దిబ్బ మీద ఎవరూ వల వేయలేదు. దుకాణంలో అడిగి హేచరీ చేపనే తేవాలి. క్లౌన్ చేపలన్నీ మొదట మగవిగానే ఎదుగుతాయి, జతలో పెద్దది ఆడదిగా మారుతుంది. కాబట్టి ఒకటి పెద్దది, ఒకటి చిన్నది ఎంచుకుంటే కొట్లాట తక్కువ. తామర పువ్వులా కనిపించే ఎనిమోన్ లేకపోయినా హాయిగా బతుకుతాయి. బాగా చూసుకుంటే పదేళ్లు దాటి బతికే ప్రాణి క్లౌన్ చేప. హైదరాబాద్ నుంచి బస్సులో ఆక్సిజన్ కవరులో నాలుగైదు గంటలు ప్రయాణించి వచ్చిన చేపను నేరుగా పెద్ద తొట్టిలో వదలకూడదు. ఒంటి మీద ఉప్పు రవ్వల్లా తెల్ల చుక్కలు తెచ్చే క్రిప్టోకారియన్ పరాన్నజీవి ఒక్కసారి రాళ్లలో చేరితే, వదిలించడానికి తొట్టిని రెండు నెలలకు పైగా చేపలు లేకుండా ఉంచాలి. చిన్న విడి తొట్టిలో నాలుగు వారాలుంచి, తింటోందని, చుక్కలు లేవని చూసుకున్నాకే లోపలికి.

పదిహేను రోజులకోసారి ముప్పై లీటర్లు తీసి కొత్త ఉప్పునీరు పోయాలి. తీసిన నీటిలో కిలోకు పైగా ఉప్పుంటుంది. దాన్ని పూల మొక్కల పాదులో పోస్తే మొక్క మాడుతుంది, మురుగు కాలువలోకే వదలాలి. పెంచలేక విసిగినా చేపను మానేరులోనో చెరువులోనో వదలడం దాన్ని చంపడమే. కొన్న దుకాణానికో, ఇంకో అభిమానికో ఇవ్వాలి.

ఈ ప్రాంతంలో తొట్టి మొదలుపెట్టడానికి దసరా వెళ్లాక వచ్చే రోజులు అనువైనవి. ఉక్కపోత తగ్గి ఉంటుంది, చలి ఇంకా ముదరదు. అక్టోబరులో నీరు కలిపి తిప్పితే నవంబరు చివరికి బ్యాక్టీరియా నిలదొక్కుకుంటుంది. డిసెంబరులో హీటర్లు పెట్టాక క్లౌన్ జత, సంక్రాంతి దాటాక నత్తలు, ఒక రొయ్య, శివరాత్రి లోపు ఇంకో చేప. మార్చి నుంచి వానలు కుదురుకునే దాకా కొత్త ప్రాణి ఏదీ తేకూడదు. ఆ నెలల్లో డబ్బు ఖర్చు పెట్టవలసింది సంప్ మీది ఫ్యాన్లకు, అదనంగా ఇంకో డ్రమ్ము ఆర్వో నీటికి, ఛార్జింగ్ నిండుగా ఉన్న బ్యాటరీ పంపుకు.